కొంగు కింద బేరం

బస్సు ఎక్కేటప్పటికి నా దగ్గర ఉన్నవి ఇవి. రొండిన దోపుకున్న చిన్న గుడ్డసంచిలో మూర్ఛకు వేసుకునే గార్డినాల్ మాత్రల సీసా. ఎడమ చేతిలో ఇనుప తాళంచెవి. కూతురికని మడత పెట్టి తెచ్చిన పావడా గుడ్డ. ఎమ్మిగనూరు చేరేదాకా ఒక గంట. ఇంకొకటి కూడా ఉంది, దాన్ని ఎవరికీ చూపించలేదు: ఈ పొద్దున లేవగానే నేను బయట చేరాను. బయట చేరిన ఆడది పెరటి గదిలో చాప మీద మూడు రోజులు కూర్చోవాలి, ఇలా బస్సెక్కి పదిమందికి భుజాలు తగిలిస్తూ పోకూడదు. చెప్పి ఉంటే అమ్మ నన్ను వీధి గుమ్మం దాటనిచ్చేది కాదు. చెప్పకపోతే ఏం పోతుందో ఇంకా తెలియదు, చెబితే ఏం పోతుందో మాత్రం తెలుసు. రేపు తెల్లవారగానే కమలాక్షిని పత్తికొండ బండి ఎక్కిస్తారు. అందుకని తక్కువ నష్టం ఉన్న వైపు నడిచాను. ఆదోని బజారులో పుట్టినదాన్ని, వేరే విధంగా ఆలోచించడం నేర్చుకోలేదు.

కమలాక్షి నా కూతురు. పాలు మరిచిన నాటి నుంచి ఎమ్మిగనూరులో మా అత్తగారింట్లోనే పెరుగుతోంది. నన్ను పుట్టింటికి పంపేశాక మా ఆయన చేసుకున్న రెండో ఆమె ఇప్పుడు కడుపుతో ఉంది, పురిటికి పత్తికొండకు పోతూ చేతి కింద పనికి పిల్లను వెంట తీసుకుపోతుందట. ఎన్నాళ్లకని అడిగితే ఎవరూ చెప్పరు. పన్నెండేళ్ల పిల్ల. ఈ ఏడో పై ఏడో పెద్దమనిషి అవుతుంది. నాకు మూర్ఛ మొదలైంది అప్పుడే. దానికీ వస్తే, ఆ ఇంట్లో ఉండగా వస్తే, ఏమవుతుందో నాకు కళ్లకు కట్టినట్టు తెలుసు, ఎందుకంటే అది ఒకసారి నా మీద జరిగిపోయింది. మా మామ పాండురంగయ్య కండక్టరు సోమప్ప చేత కబురు పంపాడు. జబ్బు నయమైతే శుక్రవారం వచ్చి నా ఎదుట కూర్చుని చెప్పు, పిల్లను తీసుకుపో, లేకపోతే శనివారం అది పత్తికొండ పోతుంది, అని. నేడు శుక్రవారం. నెలకంతటికీ నా ఒంటికి చెడ్డ రోజు ఏదైనా ఉందంటే అదీ ఈ రోజే.

"లోపలికి జరగండప్పా, ముందర గోడ ఏమన్నా ఉందా మీకు," అని సోమప్ప అరుస్తున్నాడు. నయాపైసలు వచ్చినప్పటి నుంచి ఎండలు ముదిరాయి గానీ ఇంకా ఎవరికీ లెక్క కుదరలేదు. "అణా ఇస్తే ఆరే అంటావు, రూపాయికి చూస్తే లెక్క సరిపోలేదు, మిగిలింది యాడ పోయినట్టు?" అని ఒక ముసలి రైతు నిలదీశాడు. "ఢిల్లీకి పోయిందప్పా. ఈ బస్సు ఆడికి పోదు, నువ్వు దిగి నడుచుకుంటా పోయి అడుక్కో," అన్నాడు సోమప్ప. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వవలసిన మాటే. నవ్వు ఎక్కడ నుంచి వస్తుందో నాకు గుర్తుంది, అక్కడిదాకా పోయి చూస్తే గది ఖాళీగా ఉంది, అంతే. గార్డినాల్ తినేవాళ్లకు ఇది మామూలు. ఏడుపు రాదని కాదు, కోపం లేదని కాదు. జిన్నింగు మిల్లులో పత్తిని తొక్కి బేలు కట్టి ఇనుప పట్టీలు బిగిస్తారు చూడండి, సరుకంతా లోపల ఉంటుంది, గింజంత కూడా ఎక్కడికీ పోలేదు, కాని చెయ్యి పెడితే గట్టిగా చెక్కలా తగులుతుంది. నా లోపల అలా ఉంటుంది. వ్యాపారానికి ఇది పనికొచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. నాన్న పోయాక మా వీధి గదిలో ఎమ్మిగనూరు చీరలు పెట్టి అమ్ముతున్నాను. పత్తి బండ్లతో వచ్చిన రైతుల ఆడవాళ్లు, మొగుళ్లు మార్కెట్లో ఉన్నంతసేపు మా అరుగు మీద కూర్చుని చీర అంచు లాగి చూస్తూ నా మొహం చూస్తారు, ఎంతవరకు దిగుతానో పసిగడదామని. నా మొహంలో వాళ్లకు ఏమీ దొరకదు. చివరికి నేను చెప్పిన ధరకే తీసుకుని, ఈ రాజేశ్వరమ్మది రాతి గుండె అనుకుంటూ పోతారు. గుండె కాదమ్మా, మాత్ర.

బస్సు మిల్లుల దగ్గర మలుపు తిరిగింది. వాసన వచ్చింది. కాలిన పత్తిగింజల వాసన, మాడిన నూనె గొంతులో దిగినట్టు. తాళంచెవి మీద నా వేళ్లు బిగుసుకున్నాయి. మూర్ఛ వచ్చేముందు నాకు వచ్చే వాసన సరిగ్గా ఇదే. ఆదోనిలో పుట్టి ఈ వాసన రావడమేమిటి, ఈ ఊళ్లో నూనె మిల్లులున్నంత కాలం ఏది మిల్లుదో ఏది నాదో నాకు ఎలా తెలియాలి? దానికి ఒక దారి కనిపెట్టుకున్నాను. పక్కవాళ్లను అడుగుతాను. ఈ వేళ పక్కన ఉన్నది పరుపులు కుట్టే హుసేనమ్మ, ఎమ్మిగనూరులో ఎవరికో పెళ్లి పరుపులు కుట్టడానికి పోతోంది, ఆమె కాళ్ల దగ్గర గోతాంలో దూది ఉబ్బి సీటు ఎత్తుకు వచ్చింది. "హుసేనమ్మా, నీకేమన్నా వాసన వస్తాందా?" అన్నాను. ముక్కు ఎగబీల్చింది. "గింజలు మాడబెట్టినారు మిల్లోళ్లు. వాళ్ల నూనె తిని మనం బతికినట్టే!" అంది. సరే, మిల్లుదే. వేళ్లు వదులు చేశాను. కిటికీలోంచి పత్తి పోగులు గాలికి వచ్చి జుట్టు మీద వాలుతున్నాయి, ఈ ఊళ్లో ఎండాకాలం అంతా అందరమూ కొంచెం నెరిసినట్టు కనబడతాం.

నాన్నకు మార్కెట్లో దళారీ పని. భుజం మీద తువ్వాలు ఎప్పుడూ ఉండేది, చెమటకు కాదు, బేరానికి. కొనేవాడి చెయ్యి, అమ్మేవాడి చెయ్యి తువ్వాలు కింద కలుస్తాయి. ఏ వేలు పట్టుకున్నాడు, ఎన్ని వేళ్లు నొక్కాడు, దాన్ని బట్టి ధర. చుట్టూ ఊరంతా నిలబడి ఉన్నా ఒక్కరికీ తెలియదు. చెయ్యంతా ఒక్కసారి గట్టిగా పట్టుకుంటే బేరం కుదిరినట్టు. ఆడపిల్లకు అక్కరలేని విద్య, అయినా నాకు నేర్పాడు, ఎందుకంటే మూర్ఛ వచ్చి పోయాక కాసేపు నాకు మాట ఉండేది కాదు. నాలుక కొరుక్కుని, కళ్లు తెరిచి, ఎవరు ఎవరో తెలియకుండా పడుకుని ఉంటే నాన్న తువ్వాలు కప్పి కింద నా చెయ్యి పట్టుకునేవాడు. చూపుడు వేలు నొక్కితే, నొప్పి ఉందా అని. నేను తిరిగి నొక్కితే, ఉంది అని. చెయ్యంతా పట్టుకుంటే, నేను వచ్చేశాను నాన్నా, భయం లేదు అని. చుట్టూ చేరిన ఆడవాళ్లు, ఉల్లిపాయ వాసన చూపించేవాళ్లు, చెప్పు తెచ్చేవాళ్లు, ఇనుము పట్టించేవాళ్లు, ఎవరికీ తెలియకుండా మేమిద్దరం బేరం ఆడుకునేవాళ్లం. ఏటేటా ఎమ్మిగనూరు జాతరకు పోతే పది నిమిషాలు కమలాక్షిని నా దగ్గరికి పంపేవాళ్లు, తేరు చూపించడానికి. ఆ పది నిమిషాల్లో నేను ఇవ్వగలిగింది ఏముంది? కొంగు కింద ఆ ఆట నేర్పాను. చిలుక బొమ్మకు ఎంతిస్తావు, వేలు నొక్కు. బొరుగులకు ఎంత. అది నాకన్నా తొందరగా నేర్చుకుంది.

ఆరేకల్ దాటింది. రెండు పక్కలా నల్లరేగడి, కోత అయిపోయిన చేలు, పత్తి కట్టెలు పీకి కుప్పలు వేశారు. ఎండకు నేల పగుళ్లు బారి ఉంది. పెద్దమనిషి అయినప్పుడు నన్ను పెరటి గదిలో కూర్చోబెట్టారు, మొదటిసారి అక్కడే పడ్డాను. గది బయట నుంచి అమ్మ చూసింది, అత్తలు చూశారు, తాకడానికి లేదు. తాకితే తల స్నానం చేయాలి, చీర తడపాలి, అది చలికాలం. నేను కొట్టుకోవడం ఆగేదాకా గుమ్మంలో నిలబడి దేవుణ్ణి పిలిచారు. బయట ఉన్న ఆడపిల్లను గాలి పట్టుకుంటుంది అన్నారు. తరవాతి నెల కూడా ఆ రోజుల్లోనే వచ్చింది, ఆ తరవాత కూడా. కాబట్టి గాలే. నుదుట వాత పెట్టించారు, ఇప్పటికీ బొట్టు కింద గుంట ఉంది, బొట్టు అందులో చక్కగా కూర్చుంటుంది, చెరిగిపోదు. అదొక లాభం. ఆ పైన దర్గా, తాయెత్తు. చివరికి నాన్న బళ్లారి తీసుకుపోయాడు, అప్పటికి మేమింకా బళ్లారి జిల్లాలోనే ఉన్నాం. ఉప్పగా ఉండే నీళ్లమందు ముందు, మొహమంతా పొక్కులు లేచేవి. తరవాత ఈ తెల్ల మాత్ర. డాక్టరు నాన్నను అడిగేవాడు, నాన్న చెప్పేవాడు. "వేసుకుంటాందా?" "తప్పకుండా వేసుకుంటాంది సార్." "అయినా వస్తాందా?" "నెలకొకసారి వస్తాంది సార్." డాక్టరు మాత్ర పెంచేవాడు. నేను గోడవైపు చూసేదాన్ని. ఏ రోజుల్లో వస్తుందో మగవాళ్ల ఎదుట చెప్పే మాట కాదు కదా.

మందు ఎక్కడ ఉండేదో చెబుతాను. దేవుని గూట్లో. ఇంట్లో విలువైనది ఏదైనా అక్కడే, విభూతి పక్కన, నాన్న జంధ్యాల పోగు పక్కన మాత్రల సీసా. రోజూ దీపం పెట్టాక అమ్మ ఒక మాత్ర తీసి నా చేతిలో వేసేది, తీర్థం ఇచ్చినట్టు. నేను బయట చేరితే ఆ మూడు రోజులు దేవుని గది ఛాయలకు పోకూడదు, మడి కట్టుకున్న అమ్మ నా నీడ తొక్కకూడదు. అన్నం ఆకులో వేసి దూరం నుంచి తోసేది. మాత్ర మాత్రం ఆ మూడు రోజులు నా చేతికి వచ్చేది కాదు, అడగాలని నాకూ తట్టలేదు. ఎమ్మిగనూరులో అత్తగారింట్లోనూ అంతే, అక్కడా గూడే, అత్త కన్యకమ్మ చేతి మీదుగానే. కడుపుతో ఉన్న నెలలన్నీ మూర్ఛ ఒక్కసారి కూడా రాలేదు, బయట చేరే పనే లేదు కాబట్టి ఒక్క రోజూ మాత్ర తప్పలేదు, ఒంట్లోనూ ఏదో నెమ్మదిగా ఉండేది, గాలి వదిలిపోయిందని అత్త కొబ్బరికాయలు కొట్టించింది. పిల్ల పుట్టి ఏడాది నిండాక మళ్లీ బయట చేరాను. అన్నం పెట్టేవేళ కమలాక్షి పాకుతూ పెరటి గదిలోకి వచ్చేసింది, పసిబిడ్డకు మైల లేదు కాబట్టి ఎవరూ ఆపలేదు, ఒళ్లోకి తీసుకున్నాను. కాలిన గింజల వాసన వచ్చింది. కళ్లు తెరిచేసరికి పిల్ల గడ్డం పగిలి ఉంది, అత్త దాన్ని ఎత్తుకుని అరుస్తోంది, నాన్న తువ్వాలు అక్కడ లేదు. దానికి పాలు మాన్పించి నన్ను పుట్టింటికి పంపారు. ఇది చెప్పేటప్పుడు నాకు ఏదో అనిపించాలి. బేలు మీద వేలితో తట్టినట్టు, చప్పుడు మాత్రం వస్తుంది.

నాన్న పోయాక సామాను సర్దుతూ గూటి వెనక నాలుగు సీసాలు చూశాను. ప్రతి దాంట్లో అడుగున మాత్రలు మిగిలే ఉన్నాయి. నాన్న క్రమం తప్పని మనిషి, నెల కాగానే కొత్త సీసా తెచ్చేవాడు. సరుకు తెచ్చిన లెక్కకు తిన్న లెక్క తక్కువ. చీరల కొట్లో ఇలా జరిగితే నేను ఊరుకుంటానా? "అమ్మా, ఇవి ఎట్లా మిగిలినాయి?" అన్నాను. అమ్మ విభూతి గిన్నె తుడుస్తూ, ఇందులో అడగడానికేముందన్నట్టు, "నువ్వు బయట ఉన్నప్పటివి. మైల చేత్తో ముట్టుకుంటే మందు గుణం పోదా ఏం? నువ్వు చెడిపోకూడదనే కదా నేను ఇయ్యలేదు," అంది. ఆమె మంచికే చేసింది. ఇన్నేళ్లు నెలనెలా, నాకు ఏ రోజుల్లో మాత్ర ఎక్కువ కావాలో సరిగ్గా ఆ రోజుల్లో, భక్తిగా ఆపేసింది. ఆ వారమే ఒంటరిగా బళ్లారి పోయి డాక్టరుకు నేనే చెప్పాను, గోడవైపు చూడకుండా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఉన్నట్టుండి మానితే లేనివాళ్లకు కూడా వస్తుందమ్మా. నీకు ఆ రోజుల్లోనే ఒంట్లో మార్పు వల్ల వచ్చేది, దాని మీద మందు కూడా మానిపిస్తే ఇంకేముంది? ఆ రోజుల్లో ఒక మాత్ర ఎక్కువ వేసుకో," అన్నాడు. అప్పటి నుంచి సీసా గూట్లో లేదు, నా రొండిన ఉంది. జబ్బు తగ్గింది. పోలేదు. పోయిన దీపావళికి ఒకసారి వచ్చింది, అంతకు ముందు ఉగాదికి. నెలనెలా పడేదాన్ని ఏడాదికి రెండుసార్లు పడుతున్నాను. ఏ వ్యాపారి అయినా దీన్ని లాభమే అంటాడు. పాండురంగయ్య మామ మాత్రం నయమైందా అని అడుగుతాడు, తగ్గిందా అని అడగడు.

మళ్లీ వాసన. ఈసారి మిల్లు లేదు, ఊరు లేదు, కోటేకల్ కొండ కూడా ఇంకా దూరంగానే ఉంది, రెండు పక్కలా ఉత్త నేల. అయినా అడిగాను. "హుసేనమ్మా, వాసన వస్తాందా?" "యాడిది? ఏం వాసనా లేదే. నీకేమన్నా కడుపు తిప్పుతాందా?" అని నా మొహం చూసింది. ఇక దాచడంలో అర్థం లేదు. "నాకు మూర్ఛ ఉంది. వచ్చేట్టుంది. అందరికీ తెలియనియ్యొద్దు," అన్నాను. ఆమె గోతాం మూతి విప్పి నా ఒడివైపు లాగి, "వస్తే దీని మీద పడు తల్లీ. దూది. నీకేం దెబ్బ తగల్దు. ఎవురన్నా అడిగితే నిద్రపోయింది పోండంటా," అంది. సీసా తీసి ఒక మాత్ర నీళ్లు లేకుండా మింగాను, పొద్దున ఒకటి, ఆ రోజులకని ఇంకొకటి అప్పటికే వేసుకున్నాను, ఇది ఆ పైది. గొంతులో చేదుగా అతుక్కుని మెల్లగా దిగింది. తాళంచెవి పట్టుకున్నాను, అది పనిచేయదని తెలుసు, అయినా నాన్న చెయ్యి లేని చోట ఏదో ఒకటి పట్టుకోవాలి. చేలు దూరం జరుగుతున్నాయి. సోమప్ప మాట నూతిలోంచి వచ్చినట్టు, ఎవరో నవ్వారు, కమలాక్షి గడ్డం మీద గీత, అది కుడి పక్కనా ఎడమ పక్కనా, పావడా గుడ్డ ఎరుపు కదా, ఎరుపే, దూది బుగ్గకు తగులుతోంది, దూది

కోటేకల్ ఎప్పుడు దాటిందో నాకు తెలియదు. ఎమ్మిగనూరులో బస్సు ఆగింది, జనం దిగుతున్నారు, నా చెంప గోతాం మీద ఉంది. నాలుకతో నోరంతా తడిమాను, రక్తం రుచి లేదు. భుజాలు నొప్పి లేవు. "వచ్చిందా?" అన్నాను. "రాలేదులే. గురక పెట్టినావు. నా దూదంతా చొంగ చేసినావు, పెళ్లికొడుకు తల కింద పెడతా, అదృష్టవంతుడు," అంది హుసేనమ్మ. కొంగుతో నా మొహం తనే తుడిచింది. నేను ఈ రోజు ఏ స్థితిలో ఉన్నానో ఆమెకు చెప్పలేదు, చెప్పినా తుడిచేదే అనుకుంటాను. కాళ్లు నావే, నేల మీద ఆనుతున్నట్టు తెలుస్తోంది, కొంచెం ఆలస్యంగా తెలుస్తోంది. మాత్ర మూర్ఛను ఆపింది. దానితో పాటు మిగిలినదాన్ని కూడా ఆపేసింది.

అత్తగారి ఇంటి వసారాలో నూలు కట్టలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి, గంజి వాసన. ఆయన ఇంట్లో లేడు, నేను వస్తున్నానని మగ్గాల దగ్గరికి పోయాడట. మామ చాప చూపించాడు. కూర్చున్నాను. తలుపు చాటు నుంచి కమలాక్షి వచ్చి, ఎవరూ రమ్మనకుండానే, నా పక్కన కూర్చుంది. పొడుగైంది. గడ్డం మీద గీత ఎడమ పక్కన. ఇన్నాళ్లుగా ఈ ఒక్క చూపు కోసం లోపల ఎంత దాచిపెట్టుకున్నానో నాకు తెలుసు, అదంతా ఎక్కడుందో కూడా తెలుసు, పట్టీలు బిగిసి ఉన్నాయి. "బాగా చిక్కిపోయినావమ్మా," అన్నాడు మామ. "ఎండలు కదా మామా," అన్నాను. "మరి జబ్బు?" నేను నోరు తెరిచేలోపల కన్యకమ్మ అత్త లోపలి నుంచి వెండి కుందిలో దీపం వెలిగించుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "నోటి మాట ఎందుకు? వ్యాపారస్తుల నోటి మాటకు నేను ఏనాడూ కొనలేదు, అమ్మలేదు. లోపలికొచ్చి దేవుని ముందర ఈ దీపం ముట్టి చెప్పు, మూర్ఛ పోయిందని. పిల్లను తీసుకుపో," అంది. మామ మీసం దువ్వుకుంటూ కప్పు వైపు చూశాడు.

చీర అంచు గురించి అబద్ధం చెబుతాను. రంగు పోదని చెబుతాను, ఎదుటివాడు కూడా అబద్ధమని తెలిసే కొంటాడు. దీపం ముట్టి చెప్పను. పైగా ఈ రోజు ఆ గుమ్మం దాటను, నమ్మినా నమ్మకపోయినా పుట్టినప్పటి నుంచి ఒంటికి పట్టిన భయం ఏ మాత్రకూ లొంగదు. నయం కాలేదని చెబితే పిల్ల పత్తికొండకు పోతుంది. జబ్బు పోయిందని చెబితే దీపం ముట్టాలి. రెండు వైపులా నష్టమే, అలాంటప్పుడు నాన్న ఏం చేసేవాడు? బేరం ఇంకో సరుకు మీదికి మళ్లించేవాడు. అప్పుడే కొంగు కింద నా చేతి మీద ఏదో పడింది. చిన్న చెయ్యి. వేళ్లు వెతుక్కుని, ఏ వేలూ నొక్కకుండా, చెయ్యంతా ఒక్కసారి గట్టిగా పట్టుకుంది. పట్టుకున్న సంగతి నాకు తరవాత తెలిసింది, మెరుపు తరవాత ఉరుము వినపడినట్టు. బేరం కుదిరిందట. నన్ను అడగకుండా అది కుదుర్చుకుంది.

"నేను లోపలికి రాలేను అత్తా," అన్నాను. "ఈ పొద్దున బయట చేరినాను."

 అత్త దీపంతో రెండు అడుగులు వెనక్కు వేసింది, ఒత్తి రెపరెపలాడింది. "ఓసి నీ! బయట చేరి ఊరు దాటొస్తావా? నూలు కట్టల మధ్యన కూర్చుంటావా? కడుపుతో ఉన్న కోడలు రేపు ప్రయాణమే! కమలీ, లెయ్. పోయి బావికాడ తలన నీళ్లు పోసుకో, పో!" కమలాక్షి లేవలేదు. కొంగు తొలగించి మా చేతులు ఇద్దరికీ కనబడేట్టు పైకి ఎత్తింది. "నాకూ అంటింది అవ్వా. నేను నీళ్లు పోసుకోను. అమ్మతో పోతా," అంది. "ఏం పొగరే! పోసుకోకుండా ఈ ఇంట్లో ఉంటావా?" "ఉండను, అందుకే పోతా." అత్త మామ వైపు చూసింది, ఏమన్నా అనండి అని. మామ కప్పు నుంచి చూపు దించి, మా చేతుల వైపు చాలాసేపు చూశాడు. ఆయనా పత్తి మార్కెట్లో తువ్వాలు కింద చేతులు కలిపినవాడే, మా నాన్నతోనే. పట్టు ఏమిటో ఆయనకు తెలుసు. "మీ నాయిన కూతురివే," అన్నాడు. తరవాత అత్తతో, "ఇల్లు కడిగించు. పిల్ల బట్టలు గుమ్మంలో పెట్టించు, వీళ్లు సాయంత్రం బస్సు ఎక్కుతారు. రేపు ప్రయాణానికి మైల తగలనియ్యొద్దు," అన్నాడు. మూర్ఛ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. గడప దిగుతుంటే మా వెనకే నీళ్లు చల్లుతున్నారు, నా మడమల మీద పడ్డాయి, చల్లగా ఉన్నాయని కాసేపటికి తెలిసింది.

తిరుగు బస్సులో కూడా సోమప్పే. "ఏం అక్కా, సరుకు దొరికిందా?" అన్నాడు కమలాక్షిని చూసి. తల ఊపాను. అది కిటికీ పక్కన కూర్చుని పావడా గుడ్డ మడత విప్పి, ఎండకు పట్టి చూసి, రంగు పోతుందా అని అడిగింది. పోతుంది అన్నాను. కోటేకల్ కొండ ఈసారి కనబడింది, ఎర్రగా, పొద్దు దాని వెనక దిగుతోంది. పిల్ల నా రొండిన సంచి తడిమింది. "ఇది నాకూ కావాల్సొస్తాదా?" "రాకపోవచ్చు. వస్తే నీ రొండిన ఉంటాది. గూట్లో ఉండదు."  తరవాత నా మొహం కింద నుంచి పైకి చూసి, "అమ్మా, నేనొచ్చినందుకు నీకు సంతోషంగా లేదా?" అంది. అబద్ధం చెప్పవచ్చు, చీర అంచు లాంటి అబద్ధమే. "ఒక మాత్ర ఎక్కువ వేసుకున్నా కమలీ. సంతోషం రేపొస్తాది," అన్నాను. అది ఆలోచించింది. "సరే, రేపే రానీ," అని నా భుజం మీద తల పెట్టి, ఆరేకల్ రాకముందే నిద్రపోయింది.

ఆదోనిలో బస్సు దిగేముందు నా దగ్గర ఉన్నవి ఇవి. మాత్రల సీసాలో పొద్దుటికన్నా కొంచెం తక్కువ. తాళంచెవి ఎక్కడో జారిపోయింది, బహుశా హుసేనమ్మ దూదిలో, ఏ పెళ్లికొడుకు తల కిందకో చేరుతుంది. అత్తగారింటి గుమ్మం పోయింది, ఇక దాన్ని తొక్కనివ్వరు. అమ్మకు చెప్పవలసినది ఒకటి ఉంది, చెప్పాక ఇద్దరం పెరటి గదిలోనే పడుకోవాలి. కొంగు కింద ఒక చెయ్యి ఉంది, నిద్రలో కూడా పట్టు వదల్లేదు. దాని బరువు తెలుస్తోంది. వేడి ఇంకా తెలియలేదు.